గురి సంగతి తర్వాత, ముందు పాళ్ళ సంగతి: ఒకే నానో రేణువులో రెండు కీమో మందులు

వైక్సియోస్ అనే మందు సీసాలో రెండు కీమో మందులుంటాయి. డానోరూబిసిన్ 44 మిల్లీగ్రాములు, సైటరబీన్ 100 మిల్లీగ్రాములు. తూకం ప్రకారం ఒకటికి రెండుంబావు. అణువులు లెక్కపెడితే వేరే అంకె వస్తుంది. డానోరూబిసిన్ అణుభారం 527, సైటరబీన్‌ది 243. భాగించి చూడండి, ఒక డానోరూబిసిన్ అణువుకి దాదాపు అయిదు సైటరబీన్ అణువులు. ఆ ఒకటికి అయిదు కోసమే ఈ మందు తయారైంది. 2017 ఆగస్టులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని ఒక రకం రక్త క్యాన్సర్‌కి అనుమతించింది. రెండు కీమో మందుల్ని ఒకే నానో రేణువులో పెట్టి ఆ అనుమతి తెచ్చుకున్న మొదటిది ఇదే.

నానో కీమో అనగానే మన పత్రికల్లోనూ ఆస్పత్రుల ప్రకటనల్లోనూ ఒకటే పాట: మందు నేరుగా క్యాన్సర్ కణాన్ని వెతుక్కుంటూ పోతుంది, మంచి కణాల జోలికి పోదు. నాకు ఈ పాట మీద నమ్మకం లేదు. ఇరవై ముప్ఫై ఏళ్ళ అనుభవం చూస్తే, నానో రేణువు గురి పెట్టి కొట్టిన దాఖలా తక్కువ. కానీ రెండు మందుల్ని అనుకున్న పాళ్ళలో చివరిదాకా విడిపోకుండా పట్టి ఉంచడం మాత్రం అది నిజంగా చెయ్యగలదు. మందులు కలిపి ఇచ్చే చోట దాని విలువంతా అక్కడే ఉంది. డబ్బూ పరిశోధనా కూడా అటే పోవాలన్నది నా వాదన.

ముందు అసలు కలిపి ఎందుకివ్వాలో చూద్దాం. ఆ కథకి గోదావరి గట్టుతో చుట్టరికం ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ అనే మందుల సంస్థలో నడిపించిన బృందమే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అనే మందుల్ని తయారుచేసింది. 1947-48లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు అమినోప్టెరిన్‌ని రక్త క్యాన్సర్ పిల్లలకిచ్చి చూశారు. జబ్బు వెనక్కి తగ్గింది. కొన్ని నెలలకి తిరగబెట్టింది. ఒక్క మందుకి లొంగని కణాలు కొన్ని మిగిలిపోతాయి, అవే మళ్ళీ పెరుగుతాయి. 1960ల మొదట్లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో ఫ్రై, ఫ్రైరిక్ అనే ఇద్దరు డాక్టర్లు మెథోట్రెక్సేట్‌తో సహా నాలుగు మందులు కలిపి ఇచ్చారు. అప్పటినుంచి కలిపి ఇవ్వడమే పద్ధతి. ఈరోజు కాకినాడలోనైనా రాజమండ్రిలోనైనా కీమో వార్డులో ఒకే మందు మీద నడిచే వైద్యం కంటే రెండు మూడు మందుల మీద నడిచేదే ఎక్కువ.

అయితే కలిపి ఇచ్చినంత మాత్రాన కణంలోకి కలిసి చేరుతున్నాయని కాదు. మైలాయిడ్ రకం తీవ్ర రక్త క్యాన్సర్‌కి వాడే పాత పద్ధతిని 'సెవెన్ ప్లస్ త్రీ' అంటారు. సైటరబీన్ ఒంటి వైశాల్యం చదరపు మీటరుకి రోజుకి 100 మిల్లీగ్రాముల చొప్పున ఏడు రోజులు ఆపకుండా డ్రిప్‌లో, డానోరూబిసిన్ 60 మిల్లీగ్రాముల చొప్పున మొదటి మూడు రోజులు. సైటరబీన్‌ని కాలేయంలోని ఎంజైము చకచకా పనికిరాని పదార్థంగా మార్చేస్తుంది. రక్తంలో దాని సగం ఆయుష్షు, అంటే మందు సగానికి తగ్గే సమయం, గంటల్లోనే. డానోరూబిసిన్ దారి వేరు, అది రక్తం వదిలి ఒంట్లోని కండరాలకీ అవయవాలకీ అతుక్కుపోతుంది. డ్రిప్ సంచిలో మనం ఏ పాళ్ళు పెట్టామన్నది అక్కడితో సరి. గంట తర్వాత ఎముకల మూలుగలో ఉన్న క్యాన్సర్ కణానికి ఏ పాళ్ళలో అందుతున్నాయో ఎవరి చేతుల్లోనూ ఉండదు.

డెల్టా రైతుకి ఇది వేరే చెప్పక్కర్లేదు. యూరియా, డీఏపీ, పొటాష్ విడివిడిగా కొని కలిపి చల్లితే, యూరియా నీళ్ళలో కరిగి కొంత మురుగు కాలవ పాలవుతుంది, భాస్వరం పడ్డచోటే ఉండిపోతుంది. 10-26-26 కాంప్లెక్స్ గుళికలో అయితే ఏ గుళిక తీసినా మూడూ అవే పాళ్ళలో ఉంటాయి. రెండు మందుల నానో రేణువు చేసేది ఆ పనే. దాని ఇబ్బందీ అదే. చేలో భాస్వరం ముందే సరిపడా ఉన్నా, గుళికలోంచి భాస్వరం ఒక్కటే తీసెయ్యలేం.

పాళ్ళు మారితే అంత తేడా వస్తుందా అంటే, వస్తుంది. దీన్ని లెక్కగట్టే పద్ధతిని చౌ, తలాలే అనే శాస్త్రవేత్తలు 1984లో ఇచ్చారు. ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. సగం క్యాన్సర్ కణాల్ని చంపడానికి మొదటి మందు ఒక్కటే అయితే 10 యూనిట్లు కావాలి, రెండోది ఒక్కటే అయితే 20. కలిపి ఇచ్చినప్పుడు 3, 6 సరిపోయాయనుకోండి. 3/10, 6/20 కూడితే 0.6. ఒకటి కంటే తక్కువ వచ్చింది కాబట్టి ఒకదానికొకటి తోడవుతున్నాయి. అవే రెండు మందులు వేరే పాళ్ళలో కలిపితే 4, 16 కావలసి వచ్చాయనుకోండి. 0.4, 0.8 కలిపి 1.2. ఒకదాని పని ఒకటి చెడగొట్టుకుంటున్నాయి. మందులు అవే, సీసాలు అవే. డానోరూబిసిన్, సైటరబీన్ జంటని రకరకాల క్యాన్సర్ కణాల మీద రకరకాల పాళ్ళలో పరీక్షించినప్పుడు ఒకటికి అయిదు దగ్గర తోడ్పాటు బాగా కనబడింది, చెడగొట్టుకోవడం తక్కువగా కనబడింది. వాంకూవర్‌లో లారెన్స్ మేయర్ బృందం పని ఇక్కణ్ణుంచి మొదలైంది. ముందు పాళ్ళు తేల్చుకుని, ఆ తర్వాత వాటిని పట్టి ఉంచే రేణువు కోసం వెతికారు. రేణువు చేసేసి అందులో ఏం కుక్కుదామా అని చూసే పరిశోధనకి ఇది సరిగ్గా ఎదురు దారి.

ఆ రేణువు 100 నానోమీటర్ల లైపోసోమ్, అంటే కొవ్వు పొర చుట్టిన చిన్న బుడగ. పొరలో డీఎస్‌పీసీ, డీఎస్‌పీజీ అనే రెండు కొవ్వులూ, కొలెస్టరాల్ 7:2:1 పాళ్ళలో ఉంటాయి. డీఎస్‌పీసీ మెత్తబడటానికి 55 డిగ్రీలు కావాలి. ఒంటి వేడి 37 కాబట్టి పొర గట్టిగానే ఉండి మందు కారనివ్వదు. లోపల రాగి లవణం ఉంటుంది, డానోరూబిసిన్‌ని పట్టి ఉంచేది అదే. దాంతోనే మందు ఊదారంగులోకి తిరుగుతుంది. సీసా ఒక్కంటికి 14 మిల్లీగ్రాముల రాగి ఉంటుంది కనుక, రాగి ఒంట్లో పేరుకుపోయే విల్సన్ జబ్బు ఉన్నవాళ్ళ విషయంలో ఆలోచించి ఇవ్వాలి.

దీన్ని కలపడం కూడా మామూలు ఇంజెక్షన్ కలిపినట్టు కాదు. ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట బయట ఉంచాలి. 19 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్ ఎక్కించి, వెంటనే గడియారం పెట్టుకుని అయిదు నిమిషాలు సీసాని మెల్లగా చుట్టూ తిప్పాలి, ముప్ఫై సెకన్లకోసారి తలకిందులు చెయ్యాలి. తర్వాత పావుగంట కదపకుండా ఉంచాలి. వేడి చెయ్యకూడదు, గిలక్కొట్టకూడదు. చివరికి చిక్కటి ఊదారంగు ద్రవం వస్తుంది, ఇటుపక్కనుంచి అటు కనబడదు. దాన్ని 500 మిల్లీలీటర్ల సెలైన్‌లోగానీ 5 శాతం డెక్స్ట్రోస్‌లోగానీ కలిపి గంటన్నరలో ఎక్కిస్తారు, మొదటి విడతలో 1, 3, 5 రోజుల్లో. డ్రిప్ లైన్లో ఫిల్టర్ పెట్టకూడదు.

ఫలితం సంగతికొస్తే, 60 నుంచి 75 ఏళ్ళ మధ్య వయసున్న 309 మంది మీద జరిగిన పరీక్షలో మధ్యగత ఆయుష్షు (సగం మంది అంతకంటే ఎక్కువ, సగం మంది తక్కువ బతికిన కాలం) పాత పద్ధతిలో 5.95 నెలలు, దీంతో 9.56 నెలలు. నయమైపోయిందని కాదు, ఆ వయసులో ఆ జబ్బుకి అది చెప్పుకోదగ్గ తేడా. నాకు అంతకంటే ముఖ్యంగా కనబడేది మందు మొత్తం. పాత పద్ధతిలో మొదటి విడతకి సైటరబీన్ చదరపు మీటరుకి 700 మిల్లీగ్రాములు, ఇందులో 300. డానోరూబిసిన్ అక్కడ 180, ఇక్కడ 132. తక్కువ మందుతో ఎక్కువ ఫలితం. రక్తంలో తిరిగే మందులో 99 శాతం పైగా రేణువులోపలే ఉంటుంది, సైటరబీన్ సగం ఆయుష్షు నలభై గంటలకి పెరుగుతుంది, పాళ్ళు రోజు దాటినా చెదరవు.

దీనికీ ఖరీదుంది, డబ్బు ఒక్కటే కాదు. మూలుగలో మందు ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి రక్తకణాలు కోలుకోవడమూ ఆలస్యమే. జబ్బు తగ్గినవాళ్ళలో న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు పాత పద్ధతిలో 29 రోజులకి తేరుకుంటే ఇందులో 35 రోజులకి. ప్లేట్‌లెట్లకి కూడా అలాగే వారం అదనం. ఆ వారం రోజులు జ్వరాలు, యాంటీబయాటిక్స్, ప్లేట్‌లెట్ దాతల కోసం ఫోన్లు. లంక గ్రామాల్లో ఉన్నవాళ్ళని ఆ వారం ఇంటికి పంపించకూడదు. అదీ వరదల రోజుల్లో అసలే వద్దు.

ఇప్పుడు గురి సంగతి. 1986లో మట్సుమురా, మయెద అనే జపాన్ శాస్త్రవేత్తలు ఒక విషయం బయటపెట్టారు. కణితిలో కొత్తగా పుట్టే రక్తనాళాల గోడలు సందులు సందులుగా ఉంటాయి, పెద్ద అణువులు అందులోంచి కారి లోపల ఉండిపోతాయి. నానో మందుల గురించి చెప్పే 'గురి' అంతా ఈ పునాది మీదే. కానీ 2016లో అంతకుముందు పదేళ్ళ ప్రయోగాలన్నీ గుచ్చెత్తి లెక్కేస్తే, ఎక్కించిన రేణువుల్లో ఘన కణితికి (గడ్డగా పెరిగే క్యాన్సర్‌కి) చేరింది మధ్యగతంగా 0.7 శాతం. మిగతాది చాలావరకు కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి. అదీ ఎలుకల్లో. ఎలుక తూకం 20 గ్రాములు. దాని వీపు మీద రెండు మూడు వారాల్లో పెంచిన ఒక గ్రాము కణితి ఒంటి బరువులో ఇరవయ్యో వంతు. 60 కిలోల మనిషికి లెక్కేస్తే మూడు కిలోల గడ్డ! మనిషి గడ్డలు అంత పెద్దవీ కావు, అంత తొందరగా పెరిగినవీ కావు, కాబట్టి వాటి నాళాలు అంత కారవు.

వైక్సియోస్ గెలిచింది రక్త క్యాన్సర్లో అన్నది ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. అక్కడ దాటాల్సిన గడ్డ గోడ లేదు. జబ్బు ఉన్న మూలుగలోకి లైపోసోములు వాటంతటవే చేరి నిలుస్తాయి. ఇదే వాంకూవర్ బృందం ఇరినోటెకాన్, ఫ్లాక్సూరిడిన్ అనే కీమో మందుల జంటని ఒకటికొకటిగా పెట్టి పెద్దపేగు క్యాన్సర్ కోసం చేసిన లైపోసోమ్ మనుషుల మీద రెండో దశ దాకా వెళ్ళింది గానీ బజారుకి రాలేదు.

ఒకే మందున్న లైపోసోముల అనుభవమూ ఇదే చెబుతుంది. డాక్సోరూబిసిన్ అనే కీమో మందుని లైపోసోమ్‌లో పెట్టిన లైపోసోమల్ డాక్సోరూబిసిన్ 1995 నుంచి ఉంది. 2004లో వచ్చిన పరీక్షలో, ఒంట్లో పాకిన రొమ్ము క్యాన్సర్ ఉన్న 509 మందిలో సగం మందికి అదీ, సగం మందికి మామూలు డాక్సోరూబిసినూ ఇచ్చారు. జబ్బు మీద పనితనం ఇంచుమించు సమానం. గుండెకి దెబ్బ బాగా తగ్గింది. జుట్టు రాలడం 66 శాతం నుంచి 20కి దిగింది. చేతులూ కాళ్ళూ పొక్కడం మాత్రం 2 శాతం నుంచి 48కి ఎగబాకింది. మందు కణితిని ఎక్కువ కొట్టలేదు, ఒంట్లో దెబ్బ పడే చోటు మారింది. ఇది చిన్న లాభమేం కాదు. గుండె బలహీనంగా ఉన్న మనిషికి ప్రాణం నిలిపే లాభం. కాకపోతే దాన్ని దాని పేరుతోనే పిలవాలి.

డెల్టాలో ఫార్మసీ కాలేజీలకి కొదవలేదు. ఏటా ఎంఫార్మ్ ప్రాజెక్టుల్లో 'రెండు మందుల నానో రేణువు' ఎక్కడో ఒకచోట తయారవుతూనే ఉంటుంది. అవి ఎక్కడ చెడతాయో చెప్పాలి. ప్యాక్లిటాక్సెల్, గెమ్‌సిటబీన్ అనే కీమో మందుల జంటనే తీసుకోండి. మామూలు దారి: పీఎల్‌జీఏ అనే పాలిమర్ 50 మిల్లీగ్రాములు, మందులు, 5 మిల్లీలీటర్ల ఎసిటోన్‌లో కలిపి, రేణువులు అతుక్కోకుండా ఆపే పీవీఏ 1 శాతం ఉన్న 20 మిల్లీలీటర్ల నీళ్ళలోకి చుక్కచుక్కగా వదిలి, మూడు నాలుగు గంటలు తిప్పి ఎసిటోన్ ఎగరగొట్టడం. తర్వాత సెంట్రిఫ్యూజ్, రెండుసార్లు కడగడం. ప్యాక్లిటాక్సెల్ నీళ్ళంటే పారిపోయే మందు, పాలిమర్‌లో చక్కగా కూర్చుంటుంది. గెమ్‌సిటబీన్ నీళ్ళ మందు, రేణువు గట్టిపడేలోపే నీళ్ళలోకి జారుకుంటుంది, మిగిలిన కాస్తా కడిగినప్పుడు పోతుంది. వేసింది ఒకటికొకటి అయినా లోపల మిగిలేది ఎక్కడెక్కడికో పోతుంది. అయినా థీసిస్‌లో శీర్షిక మాత్రం 'ఒకటికొకటి' అనే ఉంటుంది. రేణువుల్ని కరిగించి లోపల ఏ మందు ఎంతుందో, మందుల్ని వేరుచేసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద విడివిడిగా కొలవాలి. సెంట్రిఫ్యూజ్ తర్వాత పైన మిగిలిన నీటిలో పోయినదాన్ని తీసేసి మిగతాదంతా లోపలుందనుకోవడం కుదరదు, గ్లాసుకి అంటుకున్నదీ కడుగునీళ్ళలో పోయినదీ కూడా ఆ లెక్కలో లోపలే పడుతుంది. మామూలు యూవీ యంత్రం మీద రెండు మందుల శిఖరాలూ ఒకదానిమీదొకటి పడతాయి, దాన్ని నమ్మొద్దు.

డయాలసిస్ సంచితో చేసే విడుదల పరీక్షలో ఇంకో మోసం ఉంది. ప్యాక్లిటాక్సెల్ లీటరు నీళ్ళలో మిల్లీగ్రామైనా కరగదు. బయటి ద్రవంలో ట్వీన్ 80 లాంటి, మందుని కరిగించే సబ్బులాంటి పదార్థం కలపకపోతే, రేణువులోంచి బయటపడిన మందు సంచిలోనే గడ్డకట్టి కూర్చుంటుంది. గ్రాఫు మాత్రం 'వారం రోజులు మెల్లగా విడుదల' అని అందంగా చూపిస్తుంది. గెమ్‌సిటబీన్ ఆ పాటికి మొదటి గంటల్లోనే బయటికి పోయి ఉంటుంది. ఇంక పాళ్ళెక్కడివి? దీనికి పనిచేసే ఒక మార్గం పారిస్‌లో కూవ్రర్ బృందం చూపించింది. గెమ్‌సిటబీన్‌కి స్క్వాలీన్ అనే నూనె తోక తగిలిస్తే అదీ నీళ్ళు వదిలి రేణువులో కూర్చుంటుంది.

పోల్చి చూసేది కూడా సరిగ్గా ఉండాలి. కొత్త రేణువుని ఉత్త మందుతో (రేణువులో పెట్టని మందుతో) పోల్చి గెలిచామంటే చాలదు. అదే పాళ్ళలో కలిపిన రెండు ఉత్త మందులు ఒక పక్క, ఒక్కో మందున్న రెండు రకాల రేణువులు కలిపినవి ఇంకో పక్క ఉండాలి. రెండోదాంతో సమానమే అయితే రెండూ ఒకే రేణువులో పెట్టి బావుకున్నదేమీ లేదు. ఇక కొన్ని జంటలకి ఒకేసారి అందడమే తప్పు. ఎర్లోటినిబ్ అనే క్యాన్సర్ మందు ముందు పనిచేసి కణాన్ని బలహీనపరిచాక డాక్సోరూబిసిన్ అందితే ఫలితం ఎక్కువని తేలింది. ఎంఐటీలో పౌలా హామండ్ బృందం 2014లో ఎర్లోటినిబ్‌ని లైపోసోమ్ పొరలో, డాక్సోరూబిసిన్‌ని దాని కడుపులో పెట్టి, మొదటిది ముందు బయటికొచ్చేలా చేసింది. ఎలుకల్లో అయినా ఆలోచన గట్టిది. రెండు మందులు ఒకే రేణువులో ఎందుకుండాలో అక్కడ జవాబుంది.

డెల్టాలో రోగికి ఈరోజు ఎదురయ్యే నానో మందులు మాత్రం ఎక్కువగా రెండే: లైపోసోమల్ డాక్సోరూబిసిన్, ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌కి కట్టిన ప్యాక్లిటాక్సెల్. పక్కన వేరే మందు ఇచ్చినా విడి డ్రిప్‌లోనే ఇస్తారు. క్లోమ క్యాన్సర్‌లో రెండోదాంతో గెమ్‌సిటబీన్ జోడిస్తే 861 మంది మీద ఆయుష్షు 6.7 నెలల నుంచి 8.5కి పెరిగింది. రేణువులో ఒకటే మందు, జోడీ బయట. ఇదీ పనిచేసింది, డాక్టరు చేతిలో రెండు డోసులూ విడిగా ఉన్నాయి.

వీటిని మోసుకెళ్ళడంలో తేడాలున్నాయి. ఆల్బుమిన్ ప్యాక్లిటాక్సెల్ తెరవని సీసాకి ఐసు అక్కర్లేదు, 20 నుంచి 25 డిగ్రీలు చాలు. ఆ 'గది వేడి' మే నెలలో రాజమండ్రి గది వేడి కాదని వేరే చెప్పాలా? లైపోసోమల్ డాక్సోరూబిసిన్‌కి 2 నుంచి 8 డిగ్రీలు, గడ్డకట్టనివ్వకూడదు. మందుల షాపులో థర్మకోల్ పెట్టెలో పెట్టిచ్చినప్పుడు, డీప్ ఫ్రీజర్లోంచి అప్పుడే తీసిన జెల్ ప్యాక్ సీసాకి ఆనకుండా చూడాలి. మధ్యలో తువ్వాలో నాలుగు పొరల పేపరో ఉండాలి. గడ్డకట్టిందని అనుమానమొస్తే రంగు బాగానే ఉందని వాడెయ్యకుండా ఫార్మసిస్టుకి చెప్పాలి. పొర చిట్లినా ఎరుపు ఎరుపే. లైపోసోమల్ డాక్సోరూబిసిన్‌ని 5 శాతం డెక్స్ట్రోస్‌లోనే కలపాలి, సెలైన్‌లో కాదు. మొదటిసారి నిమిషానికి ఒక మిల్లీగ్రాము చొప్పున మొదలుపెట్టాలి. నడుం నొప్పి, మొహం ఎర్రబడటం, ఆయాసం వస్తే వెంటనే ఆపించాలి. అన్నిటికంటే ముందు, సీసా మీద లైపోసోమల్ అన్న మాట ఉందో లేదో చదవాలి. మామూలు డాక్సోరూబిసిన్ దీనికి బదులు కాదు, డోసు వేరు, వారాల లెక్క వేరు. 'అదే మందు, చవగ్గా ఉంది' అని షాపులో మార్చిస్తే ప్రాణం మీదికొస్తుంది.

లైపోసోమల్ డాక్సోరూబిసిన్‌తో వచ్చే చేతులూ కాళ్ళూ పొక్కడం మన దగ్గర చిన్న విషయం కాదు. నాట్లేసే ఆడవాళ్ళు, కొబ్బరికాయలు వలిచేవాళ్ళు, రొయ్యల షెడ్లలో తలలు తీసేవాళ్ళు, వీళ్ళ బతుకే అరచేతుల మీద నడుస్తుంది. రాపిడి, వేడి, ఒత్తిడి తగిలిన చోటే చర్మం ముందు దెబ్బతింటుంది. డ్రిప్ పెట్టిన తర్వాత వారం రోజులు వేడినీళ్ళ స్నానం, బిగుతు చెప్పులు, బలంగా రుద్దే పనులు మానాలి. ఎర్రబారి మంటగా ఉంటే తర్వాతి డ్రిప్‌కి ముందే డాక్టరుకి చెప్పాలి. పొక్కి నొప్పి ఎక్కువైతే రెండు వారాలు ఆగి డోసు నాలుగో వంతు తగ్గించడం వాడుకలో ఉన్న పద్ధతి. అలా తగ్గించినప్పుడు పక్కనున్న రెండో మందు డోసు కదలదు. రెండు మందులూ ఒకే రేణువులో ఉండి ఉంటే, ఒకదాని బాధకి రెండూ తగ్గించాల్సి వచ్చేది. పాళ్ళ వల్ల ఎంత మేలు జరుగుతుందో ముందు తేలకుండా ఘన కణితులకి రెండు మందుల రేణువులు చేస్తామనేవాళ్ళని మొదట అడగాల్సింది ఈ నాలుగో వంతు గురించే.